వెనక పేజీలు ఏమయ్యాయి?

మా రోజుల్లో పుస్తకాన్ని వెనక నుంచి తిరగేసేవాళ్లం. చరిత్ర కానీండి, భాషాశాస్త్రం కానీండి, సాహిత్య విమర్శ కానీండి, పరిశోధన గ్రంథం చేతికి రాగానే ముందు చివరి పేజీలకే పోయేవాళ్లం. ఆధార గ్రంథాల పట్టిక ఉందా? పదసూచిక ఉందా? తప్పొప్పుల పట్టిక వేశారా? ఈ మూడూ ఉంటే రాసినవాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశాడనీ, అచ్చేసినవాళ్లు కళ్లు పెట్టి చూశారనీ నమ్మకం కుదిరేది. అప్పుడు ముందుకొచ్చి పీఠిక మొదలుపెట్టేవాళ్లం. డబ్బుంటే కొనేవాళ్లం, లేకపోతే లైబ్రరీలో రాయించుకునేవాళ్లం.

ఇప్పుడు వెనక పేజీలకు పోతే ఏముంటుంది? ఆ ప్రచురణకర్త వేసిన మిగతా పుస్తకాల జాబితా ఉంటుంది. రచయిత రంగుల ఫొటో, పక్కన ఆయన అందుకున్న సన్మానాల వివరం ఉంటాయి. పదసూచిక ఉండదు. ఆధారాలంటూ ఒక పేజీ వేస్తే అందులో వికీపీడియా, గూగుల్ అని రాసి ఊరుకుంటారు. తప్పొప్పుల పట్టిక కంటబడి ఎన్నాళ్లయిందో చెప్పలేను. తప్పులకు మాత్రం కొదవలేదు. వాటిని వెతికి పట్టుకునే నాథుడే లేడు.

చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. రెండు కాలాల పుస్తకాలూ మా ఇంటి అలమరాల్లో ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసే ఈ మాటలు రాస్తున్నాను. ముసలాళ్ల గొణుగుడని కొట్టిపారేయకుండా చివరిదాకా చదవండి.

సురవరం ప్రతాపరెడ్డి గారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ తీసుకోండి. 1949లో వచ్చింది. రాజుల పట్టాభిషేకాలూ దండయాత్రలూ పక్కన పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవతలకు మొక్కారు అని వెతికిన పుస్తకం. అందుకోసం ఆయన కావ్యాల్ని తవ్విపోశారు. ఒక్కో ప్రకరణం ముగియగానే, దానికి ముఖ్యంగా ఏయే గ్రంథాలు ఆధారమో అక్కడికక్కడే చెప్పారు. అనుమానమొచ్చిన పాఠకుడు ఆ కావ్యం తెరిచి, ప్రతాపరెడ్డి గారన్నది అందులో ఉందో లేదో తానే చూసుకోవచ్చు. ఆయనతో విభేదించనూ వచ్చు. విభేదించడానికి కావలసిన సరంజామా ఆయనే మన చేతిలో పెట్టారు. ఆ మనిషి వకీలు, గోలకొండ పత్రిక నడిపినవాడు. జీతమిచ్చి పరిశోధన చేయించిన విశ్వవిద్యాలయం ఆయన వెనక లేదు. ప్రమోషన్ కోసం రాయాల్సిన అవసరం ఆయనకు లేదు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు తొలి బహుమతి ఇచ్చింది ఆ పుస్తకానికే. అప్పటికి ఆయన కన్నుమూసి రెండేళ్లయింది.

ఇక పదసూచిక. అదెలా తయారయ్యేదో ఈనాటి పిల్లలకు ఎవరూ చెప్పినట్టు లేదు. ఫారాలన్నీ అచ్చయి, పేజీ నంబర్లు ఖాయమయ్యాక మొదలయ్యేది ఆ పని. ప్రతి పేజీ చదువుతూ, ముఖ్యమైన పేరు తగిలినప్పుడల్లా చిన్న చీటీ మీద పేరూ పేజీ నంబరూ వేయాలి. చీటీలన్నిటినీ అక్షరక్రమంలో పేర్చాలి. ఎండాకాలమైనా సరే, చీటీలు ఎగిరిపోతాయని ఫ్యాను కట్టేసి కూర్చునేవాళ్లం. ఒకే రాజును ఒకచోట రుద్రదేవుడనీ ఇంకోచోట మొదటి ప్రతాపరుద్రుడనీ రాసి ఉంటే, ఆ చీటీలు రెండూ ఒక మనిషివేనని గుర్తించి, ఒక పేరు దగ్గర ఇంకో పేరు చూడమని రాయాలి. ఈ పని చేస్తుండగానే చాలా సంగతులు బయటపడేవి. ఒకే యుద్ధానికి ముందొక సంవత్సరం, వెనకొక సంవత్సరం పడి ఉండేవి. ఒక ఊరి పేరు మూడు రకాలుగా రాసి ఉండేది. రచయితకు చివరి పరీక్ష ఆ చీటీల దగ్గరే జరిగేది.

ఇప్పుడు కంప్యూటరుంది. పేర్లు ఏరి, పేజీ నంబర్లు తగిలించి, వరసలో పెట్టడానికి అది ఎంతో సాయం చేస్తుంది. నెల పట్టే పనిలో చాకిరీ అంతా తగ్గిపోయి ఆలోచన ఒక్కటే మిగిలింది. కష్టమైన రోజుల్లో చేసిన పనిని సులువైన రోజుల్లో మానేశారు. నా కోపమంతా ఇక్కడే.

తప్పొప్పుల పట్టిక ఎందుకంత ముఖ్యమో ఒక్క ఉదాహరణతో చెబుతాను. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక సంవత్సరం 1084 నాటిది. శకానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. ఇది మాఘమాసపు శాసనం కాబట్టి సంవత్సరం మారి 1163 జనవరి అవుతుంది. కాకతీయ రుద్రదేవుడు తాను ఇక ఎవరికీ సామంతుణ్ణి కానని లోకానికి చాటిన శాసనమది. కాకతీయుల చరిత్రలో ఇంతకన్నా ముఖ్యమైన తేదీలు ఎక్కువ లేవు. ఆ 1084లో సున్నాకు బదులు ఒకటి పడి 1184 అయిందనుకోండి. శాసనం అమాంతం నూరేళ్లు ముందుకు దూకి 1262 ప్రాంతానికి, అంటే రుద్రమదేవి పాలన మొదలైన కాలానికి వచ్చిపడుతుంది. ఒక్క అంకె తప్పితే తరాలు తారుమారైపోతాయి. ఆ పుస్తకం చదివి ఇంకొకాయన రాస్తాడు, ఆయన్ని చూసి మరొకాయన. నాలుగు పుస్తకాల్లో పడ్డాక అది తప్పని ఎవరితో చెప్పినా నమ్మరు.

అందుకే అచ్చాఫీసుల్లో అంత జాగ్రత్త ఉండేది. కంపోజిటరు సీసపు అక్షరాలు ఏరి కూర్చాక గ్యాలీ ప్రూఫు తీసేవారు. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే ఇంకొకరు ప్రూఫు మీద వేలు పెట్టి సరిచూసేవారు. శాసనాలున్న పుస్తకమైతే అంకెల కోసం మళ్లీ ఒకసారి కూర్చునేవారు. ఇంత చేసినా ముద్రారాక్షసాలు మిగిలేవి. వాటిని దాచేవారు కాదు. ఇన్నో పేజీ, ఇన్నో పంక్తి, తప్పు ఇది, ఒప్పు ఇది అని పట్టిక వేసి చివర కలిపేవారు. పాఠకుడు కలం తీసి తన ప్రతిలో దిద్దుకుని అప్పుడు చదవడం మొదలుపెట్టేవాడు. లైబ్రరీ ప్రతుల్లో మనకన్నా ముందు చదివిన ఎవరో పుణ్యాత్ముడు పెన్సిలుతో దిద్ది పెట్టి ఉండేవాడు.

వాళ్లకు అంత ఓపిక ఎక్కడిదని అడుగుతారేమో. చదివేవాడు ఉన్నాడన్న నమ్మకం నుంచి వచ్చింది ఆ ఓపిక. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు గారూ ఆయన మిత్రులూ విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టినప్పుడు, ఇంగ్లీషు రానివాడికి కూడా చరిత్ర, శాస్త్రాలు అందాలన్నదే వాళ్ల పట్టుదల. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి లింకన్ చరిత్ర ఆ మండలి తొలి పుస్తకం. చిలుకూరి వీరభద్రరావు గారి ‘ఆంధ్రుల చరిత్రము’ బయటికొచ్చింది ఆ మండలి చేతుల మీదుగానే. తర్వాత లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టారు. ‘అ’ అక్షరం దాటకుండానే 1923లో వెళ్లిపోయారు. తొందరపడి ఉంటే నాలుగు అక్షరాలు ఎక్కువే పూర్తయ్యేవి. ఆయన తొందరపడలేదు.

వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైన గ్రంథాలయం. మగ్గాల ఊరది. పొద్దంతా నేసి సాయంత్రం లైబ్రరీకి వచ్చి, చరిత్రకారులు మల్లంపల్లి సోమశేఖరశర్మ గారి వ్యాసం చదివి, దాని మీద వాదించుకునేవాళ్లను అక్కడ నేను చూశాను. వాళ్లకు ఏ డిగ్రీలూ లేవు. పుస్తకంలో తప్పుంటే మాత్రం ఒప్పుకునేవారు కాదు. రచయితకు ఉత్తరం రాసేవారు, రచయిత జవాబిచ్చేవాడు. అలాంటి పాఠకుడు ఊరూరా ఉంటే పుస్తకం ఒళ్లు దగ్గర పెట్టుకుని రాయక ఏం చేస్తారు?

పండితుల మధ్య కాపలా ‘భారతి’ మాసపత్రికది. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు మొదలుపెట్టారు. ఒకరు ఒక కవి కాలాన్ని నిర్ణయిస్తూ వ్యాసం రాస్తే, కొన్ని నెలలు తిరక్కుండానే ఇంకొకరు ఆధారాలతో ఖండించేవారు. ఖండన పడిన పత్రికలోనే మొదటాయన సమాధానం పడేది. ఎంత పెద్దవాడైనా ఆ బోనెక్కాల్సిందే. 1991లో భారతి ఆగిపోయింది. ఆ స్థానంలో అంతటి కాపలా మళ్లీ రాలేదు.

సంస్థలు కూడా పనిచేసేవి. 1957లో పుట్టిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి చేత మాండలిక వృత్తి పదకోశం చేయించింది. 1962లో వచ్చిన మొదటి సంపుటం వ్యవసాయానిది. ఊళ్లకు మనుషుల్ని పంపి, రైతుల నోటి నుంచి నాగలి భాగాల పేర్లూ, నేలల పేర్లూ, పంట పనుల పేర్లూ రాయించి, ఏ మాట ఏ ప్రాంతంలో వాడతారో కూడా గుర్తించి పెట్టారు. 1971లో చేనేత సంపుటం వచ్చింది. 1974లో అదే అకాడమీ ‘తెలుగు భాషా చరిత్ర’ వేసింది. కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో పలువురు పండితులు అధ్యాయాలు పంచుకుని రాసినా, మొదలు నుంచి చివరిదాకా ఒక క్రమంలో నడిచే పుస్తకమది. సంపాదకుడంటే ఏమిటో తెలియాలంటే దాన్ని చూడాలి. 1983లో ప్రభుత్వం ఆ అకాడమీని రద్దు చేసింది. 1968లో పుట్టిన తెలుగు అకాడమీ కాలేజీ చదువులన్నిటికీ తెలుగులో పుస్తకాలూ పారిభాషిక పదకోశాలూ తయారుచేసింది. ఇప్పుడు ఆ పుస్తకాల కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమంది గ్రూప్స్ పరీక్షలకు కూర్చునే అభ్యర్థులే. వాళ్లను నేను తప్పు పట్టను. పరీక్ష అయిపోగానే ఆ పుస్తకం సెకండ్ హ్యాండ్ దుకాణానికి పోతుందన్నదే నా బాధ.

ఇప్పటి సంగతికి వద్దాం. ఈమధ్య ఒక పుస్తక ప్రదర్శనలో ఒక సదస్సు పత్రాల సంపుటి కొన్నాను. అట్ట నున్నగా మెరిసిపోతోంది. లోపల ఒకే శాసనానికి మూడు వ్యాసాల్లో మూడు తేదీలున్నాయి. ఒక వ్యాసంలో ఒత్తులున్న చోటల్లా ఏవో పిచ్చి గుర్తులు పడ్డాయి. పాత ఫాంటులో కొట్టిన మేటరును యూనికోడ్‌లోకి మార్చి, మళ్లీ కన్నెత్తి చూడకుండా అచ్చుకిచ్చేశారు. రెండు వ్యాసాల్లో ఒకే పేరా అక్షరం పొల్లుపోకుండా ఉంది. సంపాదకులుగా నలుగురి పేర్లు వేసుకున్నారు. ఆ నలుగురిలో ఒక్కరు ఒక్కసారి చదివినా ఇవన్నీ కనబడేవి. ఒకాయనకు ఫోన్ చేశాను. “సార్, ఇంటర్వ్యూలు దగ్గరపడ్డాయి, అర్జంటుగా తేవాల్సి వచ్చింది” అన్నాడు. పుస్తకం తెచ్చింది ఇంటర్వ్యూ కోసమని ఆయన నోటితో ఆయనే చెప్పాడు.

ఆయనొక్కణ్ణే అని లాభం లేదు. ఈ ఇంటర్వ్యూల మార్కుల లెక్క ఢిల్లీలో మొదలైంది. 2010లో విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) అధ్యాపకుల నియామకాలకూ ప్రమోషన్లకూ మార్కుల పద్ధతి పెట్టింది. 2018 నిబంధనల ప్రకారం అంతర్జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 12 మార్కులు, జాతీయ ప్రచురణకర్త వేస్తే 10, సంకలనంలో అధ్యాయానికి 5. పదేళ్లు ఊళ్లు తిరిగి రాసిన పుస్తకానికీ పది రోజుల్లో అతికించిన పుస్తకానికీ ఆ పట్టికలో తేడా తెలియదు. ఐఎస్‌బీఎన్ నంబరుంటే చాలు, పుస్తకం పుస్తకమైపోయినట్టే. మన దేశంలో ఆ నంబరు దరఖాస్తు చేసుకుంటే ఉచితంగా ఇస్తారు. అది పుస్తకాన్ని గుర్తుపట్టడానికి పెట్టిన అంకె. లోపల సరుకుందని అది హామీ ఇవ్వదు. కానీ ఆ నంబరు కోసమే బతికే ప్రచురణ సంస్థలు పుట్టుకొచ్చాయి. రచయితే డబ్బు కట్టాలి, వంద ప్రతులు తీసుకుపోవాలి, తెలిసినవాళ్లకు పంచాలి. అడ్డగోలు పత్రికల బెడద ఎంత ముదిరిందంటే, ఏ పత్రికలు లెక్కలోకి వస్తాయో చెప్పడానికి యూజీసీయే విడిగా ఒక జాబితా తయారుచేయాల్సి వచ్చింది. పాఠకుడి పేరెత్తిన నిబంధన నాకు ఎక్కడా కనబడలేదు.

బాగా చదువుకున్నవాళ్లు ఇంగ్లీషులోకి వెళ్లిపోయారు. మన ఊళ్ల మీద, మన శాసనాల మీద, మన కులాల మీద, మన కవుల మీద వచ్చే గట్టి పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే వస్తున్నాయి. విదేశీ ప్రచురణ సంస్థలు వేసే గట్టి అట్ట ప్రతి వేలల్లో ఉంటుంది. ఏ ఊరి గురించి రాశారో ఆ ఊళ్లో దాన్ని కొనగలిగినవాడు ఉండడు. వాటిలో పదసూచిక చక్కగా ఉంటుంది, ఒప్పుకుంటాను. ఇంగ్లీషు పాఠకుడికి దక్కిన మర్యాద తెలుగు పాఠకుడికి ఎందుకు దక్కకూడదు? ఆంధ్రప్రదేశ్‌లో 2021లో డిగ్రీ కోర్సుల్ని ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని నిర్ణయించారు. రేపు తెలుగులో సమాజశాస్త్రం చదివేవాడే లేకపోతే రాసేవాడెక్కణ్ణుంచి వస్తాడు?

లైబ్రరీల సంగతి చెబితే కడుపు మండుతుంది. మనం కట్టే ఆస్తిపన్నులో గ్రంథాలయ సెస్సు రూపాయికి 8 పైసలు. ఆ డబ్బు వసూలు చేసిన స్థానిక సంస్థలు గ్రంథాలయాలకు సరిగా జమ చేయడం లేదని ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. శాఖా గ్రంథాలయాలు కొత్త పుస్తకం కొనడం గగనమైంది. కొనే లైబ్రరీ లేనప్పుడు ప్రచురణకర్త ప్రూఫులు చూసేవాడికి జీతం ఎక్కణ్ణుంచి ఇస్తాడు? కాడి దించిన ఎద్దును ఊరు మరిచిపోయినట్టు ప్రూఫ్ రీడర్ని అందరూ మరిచిపోయారు.

“ఇంటర్నెట్‌లో వెతికితే క్షణంలో దొరుకుతుంది, పదసూచిక ఎందుకు?” అని కుర్రాళ్లు అడుగుతారు. పాత పుస్తకాలు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టినవాళ్లకు నేను రోజూ దండం పెట్టుకుంటాను. దొరకదనుకున్న పుస్తకాలు వాళ్ల వల్ల ఇంటికొచ్చాయి. కానీ వాటిలో చాలామటుకు ఫొటోలే, మాట కొడితే వెతికిపెట్టవు. వెతికిపెట్టినా, కొట్టిన మాటే పట్టుకొస్తాయి. చెరువుల మీద పుస్తకంలో తూము గురించి ఒకచోట, నీరు వదిలే మనిషి గురించి ఒకచోట, చెరువు కట్టినవాడికో బాగుచేసినవాడికో ఇచ్చే దశబంధ మాన్యం గురించి ఒకచోట రాసి ఉంటే, ఆ మూడూ నీటి పంపకానికి సంబంధించినవేనని తెలిసిన మనిషే వాటిని ఒక శీర్షిక కింద చేర్చగలడు. పదసూచిక ఆలోచించి చేసే పని. ఆ ఆలోచన రచయితే చేసి ఇవ్వాలి.

పాతదంతా బంగారమని నేను అనను. మా కాలపు గొప్ప చరిత్రల్లో ఆడవాళ్లు ఎక్కడున్నారు? దళితులు ఎక్కడున్నారు? ఉంటే రాజుగారి దానశాసనంలో ఒక పంక్తిలో ఉన్నారు. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ లాంటి సంస్థలూ, స్త్రీవాద, దళిత పరిశోధకులూ వచ్చాకే ఆ గోడ కూలింది. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటల్ని వాళ్ల నోటి నుంచే వినిపించింది. అది చదివాక నా పాఠం చెప్పే తీరే మారింది. చరిత్ర పరిధి అంత విశాలమైంది కాబట్టే వెనక పేజీల అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. రాజు పేరు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. దళానికి అన్నం మోసిన మనిషి పేరు ఆ ఒక్క పుస్తకంలోనే ఉంటుంది. ఆ పేరు పదసూచికలోకి ఎక్కకపోతే, మూడొందల పేజీల మధ్య ఆమె మళ్లీ కనుమరుగే.

అందుకే అడుగుతున్నాను. రచయితలారా, పుస్తకం అయిపోయిందనుకున్నాక ఇంకో నెల కూర్చోండి. ప్రతి తేదీకీ ఆధారం చూపించండి, పదసూచిక మీ చేత్తో మీరే చేయండి. ప్రచురణకర్తలారా, అట్టకు పెట్టే ఖర్చులో సగం ప్రూఫులు చూసేవాడికి ఇవ్వండి. రెండో ముద్రణ వేస్తే మొదటి ముద్రణలోని తప్పులేమిటో వెనక అచ్చేయండి, మీ గౌరవం పెరుగుతుందే గానీ తగ్గదు. విశ్వవిద్యాలయాల పెద్దలారా, ఇంటర్వ్యూలో ఐఎస్‌బీఎన్ నంబరు చూడటం మాని పుస్తకం తెరిచి పది పేజీలు చదవండి. పత్రికల సంపాదకులారా, పుస్తకావిష్కరణ ఫొటో వేసే జాగాలో గట్టి సమీక్ష వేయండి. ప్రభుత్వాలు సెస్సు డబ్బు లైబ్రరీలకు చేర్చాలి, లైబ్రరీలు పుస్తకాలు కొనాలి.

పాఠకులారా, మీ చేతిలో ఉన్న పని అన్నిటికన్నా పెద్దది. తప్పు కనబడితే పేజీ నంబరుతో సహా రచయితకు రాసి పంపండి. నేను పంపుతూనే ఉన్నాను. కొందరు విసుక్కున్నారు, కొందరు మలి ముద్రణలో దిద్దారు. దుకాణంలో పుస్తకం చేతికి తీసుకుంటే చివరి పేజీలు తెరిచి, పదసూచిక ఏదని గట్టిగా, నలుగురికీ వినబడేలా అడగండి. లేకపోతే ఎందుకు లేదో చెప్పమనండి. అడిగేవాడుంటేనే చేసేవాడు పుడతాడు.